పాత అంబాసిడర్ హెడ్డుకు హార్డెన్డ్ సీట్లు: ఎనిమిది అడిగిన చోట ఒకటి వేసిన కేసు

నేపథ్యం

చెన్నైలో పాత పెట్రోలు ఇంజిన్లకు హెడ్డు పని చేసేవాళ్ళను కస్టమర్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: సీసం లేని పెట్రోలు వచ్చి ఇన్నేళ్ళయింది, మా బండి అంతకు ముందుది, మరి హెడ్డుకు హార్డెన్డ్ సీట్లు వేయించాలా వద్దా? హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులను మోసే భాగం; సీటు అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు; హార్డెన్డ్ సీటు అంటే ఆ అంచు చోట తొలిచి దిగ్గొట్టే గట్టి లోహపు రింగు, దాన్నే ఇన్సర్టు అంటాం. వేయించి తీరాలనే వర్క్‌షాపులూ ఉన్నాయి, అదంతా దండగ అనే మేస్త్రీలూ ఉన్నారు. ఇద్దరికీ తమ చేతుల మీదుగా పోయిన బళ్ళే ఆధారం. సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజ్ పట్టి, అంకెలు రాసుకుని, ఆ అంకెలు చెప్పినంత మేరకే కోత పెట్టే అవకాశం మా పనిలో అరుదుగా దొరుకుతుంది, ఎందుకంటే బండి సాయంత్రానికి కావాలంటారు. ఈ కేసులో యజమానికి ఓపిక ఉంది, బండి ఆయన రోజువారీ అవసరానిది కాదు, పైగా లోపం ఒక్కసారిగా విరుచుకుపడేది కాక నెమ్మదిగా పెరిగే తరహాది. అందుకే దీన్ని వివరంగా రాసిపెడుతున్నాను.

బండి అంబాసిడర్ మార్క్ 2. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బీఎంసీ బీ సిరీస్ పెట్రోలు ఇంజిన్, 1489 సీసీ. యజమాని నెల్లూరు జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరైన పెద్దమనిషి. ఆయన ఉండే పేట, బండి నంబరు, తయారైన సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. బండి ఊళ్ళో కొద్దిగా తిరుగుతుంది. అప్పుడప్పుడు గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట, గూడూరు మీదుగా నెల్లూరు వెళ్ళి వస్తుంది. అంటే ఇంజిన్‌కు రెండు రకాల జీవితం ఉంది: సిగ్నళ్ళ దగ్గర ఐడిల్‌లో నిలబడటం ఒకటి, హైవే మీద గంటల తరబడి 80 కిలోమీటర్ల వేగంతో, 3000 ఆర్పీఎం ప్రాంతంలో ఆగకుండా తిరగడం ఇంకొకటి. సీట్ల విషయంలో ఈ రెండో జీవితమే లెక్కకు వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి యజమాని మాటల మధ్యలో బయటపడింది. ఈయన కొనకముందు బండి కొన్నేళ్ళు అద్దెకు తిరిగింది, అప్పట్లో దానికి ఎల్‌పీజీ కిట్టు ఉండేది. కిట్టు తీసేసినా డిక్కీలో సిలిండర్ బిగించిన క్లాంపుల బోల్టు రంధ్రాలు అలాగే ఉన్నాయి. ఎల్‌పీజీ పొడి ఇంధనం. సీట్ల మీద ఏ పొరనూ వదలదు, వాల్వులను పెట్రోలులా తడిపి చల్లబరచదు. పోత ఇనుము సీట్లున్న ఇంజిన్‌ను గ్యాసు మీద అద్దెకు తిప్పితే సీట్లు దిగడం, అంటే అరిగి హెడ్డులోకి లోతుగా పోవడం, మామూలే. కాబట్టి ఈ హెడ్డులో సీట్లు కొంత దిగి ఉంటాయని విప్పకముందే అనుకోవచ్చు. తేలాల్సింది అవి ఇప్పటికీ దిగుతున్నాయా, ఎప్పుడో దిగి ఆగిపోయాయా అన్నది.

సీసం చేసిన పని

టెట్రాఇథైల్ లెడ్ నాకింగ్‌ను అణచగలదని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ 1921లో కనుక్కున్నారు. 1923లో అది అమెరికాలో పెట్రోలుతో కలిసి అమ్మకానికి వచ్చింది. కలిపింది ఆక్టేన్ కోసమే అయినా, అది కాలినప్పుడు ఏర్పడిన సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్ట్ సీటు (కాలిన పొగను బయటికి వదిలే వాల్వు సీటు) మీద పల్చని పొరగా పేరుకుని, ఎర్రగా కాగిన వాల్వు ముఖానికీ పోత ఇనుము సీటుకూ మధ్య అడ్డుగా నిలిచాయి. ఆ పొర లేనప్పుడు, వేడి చాలా ఎక్కువైతే, రెండు లోహాలూ సూక్ష్మమైన చుక్కల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాల్వు లేచినప్పుడల్లా సీటు నుంచి ఇనుప రేణువులు ఊడి వాల్వు ముఖానికి అంటుకుని, అక్కడ ఆక్సీకరణం చెంది గట్టి గడ్డలవుతాయి. ఆ తర్వాత ఆ వాల్వే సీటును గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఇన్‌లెట్ సీట్లకు ఈ బాధ దాదాపు ఉండదు, లోపలికి వచ్చే చల్లటి మిశ్రమం వాటిని ఎప్పటికప్పుడు చల్లబరుస్తుంది.

మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో చెన్నైతో సహా నాలుగు మహానగరాల్లో, కాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం ఆగిపోయింది. అంటే ఈ హెడ్డు పాతికేళ్ళకు పైగా సీసం లేకుండానే నడిచింది. "ఇక మీదట సీట్లు పోతాయి" అని భయపెట్టేవాళ్ళు ఈ లెక్క మరిచిపోతారు. "ఇన్నాళ్ళూ పోనివి ఇప్పుడెందుకు పోతాయి" అనేవాళ్ళు మరిచేది మరొకటి: ఆ కాలంలో చాలా బళ్ళు షెడ్డులోనే ఉన్నాయి, తిరిగినవి ఊరు దాటలేదు.

వచ్చిన ఫిర్యాదు

కొన్ని నెలల ముందు వేరే చోట హెడ్డు విప్పించి వాల్వులు గ్రైండ్ చేయించారు. కొంతకాలం బాగా నడిచింది. ఆ తర్వాత నెల్లూరు వెళ్ళి వచ్చాక ఐడిల్‌లో కుదుపు, సైలెన్సర్ దగ్గర లయ తప్పిన ఫస్ ఫస్ శబ్దం, వేడి మీద స్టార్ట్ కావడానికి మొరాయించడం మొదలయ్యాయి. ట్యాపెట్లు సరిచేయిస్తే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ అదే తంతు. ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య వదిలే సందు, దానంతటదే మూసుకుపోతోందని చెప్పిన మెకానిక్, ఎనిమిది సీట్లూ మార్చాలని కొటేషన్ రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఆయన మా దగ్గరకు వచ్చారు.

వేడి మీద కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లలో 120 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంది, మూడో సిలిండర్‌లో 95 మాత్రమే. చల్లబడ్డాక మూడోది కూడా కొంత కోలుకుంది. వేడెక్కినప్పుడే లీకయ్యే వాల్వు అంటే గ్యాప్ సరిపోక పూర్తిగా మూసుకోలేని వాల్వే అయి ఉండాలి. ఇంతవరకు ఆ మెకానిక్ చెప్పింది సరైనదే. అక్కడి నుంచి ఎనిమిది సీట్ల దాకా వెళ్ళడమే తొందరపాటుగా కనిపించింది.

"ఏం బాబూ, ఎనిమిదీ వేసేస్తే పీడా విరగడవుతుంది కదా, మళ్ళీ ఈ లెక్కలెందుకు?" అన్నారాయన.

"వేయడం ఎంతసేపండీ. ఒకసారి తొలిచిన ఇనుమును మళ్ళీ పోయలేం, అదొక్కటే భయం," అన్నాను.

విప్పకముందు కొలతలు

గ్యాప్ తగ్గడానికి సీటు దిగడం ఒక్కటే కారణం కాదు. ఈ ఇంజిన్‌లో రాకర్‌ను కింది నుంచి తోసే పుష్‌రాడ్ బ్లాకులోని ట్యాపెట్ మీద నిలబడి ఉంటుంది, రాకర్ షాఫ్టు హెడ్డు మీద ఉంటుంది. కొత్త గ్యాస్కెట్ నలిగి హెడ్డు కొద్దిగా కిందికి దిగినా, రాకర్ పెడెస్టల్ స్టడ్లను మళ్ళీ బిగించినా, మొత్తం ఎనిమిది గ్యాపులూ కలిసి తగ్గుతాయి. వాల్వు తల వేడికి సాగి గొట్టంపువ్వులా వంగితే ఆ ఒక్క వాల్వు గ్యాపు తగ్గుతుంది. సీటు దిగితే ఎగ్జాస్టులు మాత్రమే, అందులోనూ వేడి ఎక్కువ తగిలేవి ముందుగా తగ్గుతాయి. రాకర్ కొనలో గుంట పడితే ఫీలర్ గేజ్ ఆ గుంట మీద వంతెనలా నిలబడి, అసలు గ్యాపు కన్నా తక్కువ చూపిస్తుంది. అందువల్ల ముందు రాకర్ కొనలను నూనెరాయి మీద సాపు చేయించాను.

గత హెడ్డు పని తర్వాత హెడ్డును రీటార్క్ చేసినట్టు, అంటే నట్లను సరైన బిగువుకు మళ్ళీ బిగించినట్టు, ఎక్కడా లేదు. ముందు ఆ పని చేశాం. చేసి చూస్తే ఎనిమిది వాల్వుల గ్యాపులూ సమానంగా 2, 3 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తగ్గాయి. ఇది గ్యాస్కెట్ సర్దుకోవడమే. సీట్లతో సంబంధం లేదు. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా అన్నిటినీ 15 థౌకు సెట్ చేశాం. ఈ ఇంజిన్‌లో ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే, దాని నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చే వాల్వును సరిచేయాలి: ఎనిమిదోది నొక్కుకుని ఉంటే ఒకటోది, ఆరోది నొక్కుకుని ఉంటే మూడోది. మా దగ్గర కొత్తగా చేరే కుర్రాళ్ళకు ముందు నేర్పేది ఇదే. యజమానికి ఒకటే షరతు పెట్టాను: దారిలో ఎక్కడ కుదుపు వచ్చినా ఎవరిచేతా ట్యాపెట్లు ముట్టనివ్వకూడదు.

దాదాపు వెయ్యి కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం హైవే మీద, తిరిగాక మళ్ళీ కొలిచాం. ఇన్‌లెట్లు నాలుగూ 15 దగ్గరే ఉన్నాయి. ఒకటో, నాలుగో సిలిండర్ల ఎగ్జాస్టులు 14. రెండోది 13. మూడోది 8. ఈ వరుస నాకు చాలా చెప్పింది. బీ సిరీస్ హెడ్డులో చివరి రెండు సిలిండర్లకు విడివిడి ఎగ్జాస్ట్ పోర్టులు ఉంటాయి, మధ్యలోని రెండు, మూడు సిలిండర్లది ఉమ్మడి పోర్టు. వాటి ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే కూర్చుంటాయి, వేడి అక్కడే పోగవుతుంది. రెండోది కొంచెం, మూడోది బాగా తగ్గడం వేడికి సరిపోయే నమూనాయే. అయితే ఒకే పోర్టు పంచుకునే రెండు వాల్వుల మధ్య ఇంత తేడా ఉండకూడదు. మూడోదానికి సొంత రోగం ఏదో ఉందని అప్పుడే అనుమానం వచ్చింది.

పని చేయని ఉపాయం

ఇక్కడ హెడ్డు విప్పవచ్చు. విప్పకపోవడానికి కారణం ఉంది. విప్పి వాల్వులు ఆడించి, గ్రైండింగ్ పేస్టుతో రుద్ది మళ్ళీ బిగిస్తే అంతకుముందున్న పరిస్థితి చెరిగిపోతుంది. ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తర్వాత చెప్పలేం. బండి నడుస్తూనే ఉంది, గ్యాపు సున్నాకు రాకుండా చూసుకుంటే వాల్వు కాలదు. కనుక ఒక్కో మార్పు చేసి, ఒక్కోసారి కొలవాలని నిర్ణయించుకున్నాం.

యజమాని అప్పటికే సీసానికి బదులుగా వాడే పొటాషియం ఆధారిత అడిటివ్ సీసాలు తెప్పించి పెట్టుకున్నారు. పొటాషియం, సోడియం, ఫాస్ఫరస్, మాంగనీస్ వంటివి సీటు మీద సీసంలాగే పొర వేయగలవన్న మాట నిజమే, అందుకే ముందు దాన్నే పరీక్షించాం. సీసా మీద చెప్పిన మోతాదులోనే కలిపాం, ఇంకేమీ మార్చలేదు. అంతే దూరం తిరిగాక మూడోది 6 థౌ తగ్గింది, రెండోది ముందు లాగే 2 తగ్గింది. 7కు బదులు 6 అంటే గేజ్ పట్టిన చేతి తేడా కూడా కావచ్చు. అడిటివ్ పనికిరాదని దీన్నిబట్టి నేను అనను. వాల్వు సీటు మీద సరిగా కూర్చుని, మోస్తరు వేడిలో ఉన్నప్పుడు ఆ పల్చటి పొర సాయపడుతుంది. ఇక్కడ దాన్ని కాల్చేసేంత వేడి ఉందేమో, లేదా వాల్వు సీటుకు ఒక పక్కే ఆనుతోందేమో అనిపించింది.

వేడిని తగ్గించిన దశ

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. మిశ్రమం పల్చబడిందనడానికి, అంటే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదనడానికి, అది గుర్తు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పెట్రోలు ఒక వంతు కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు అది పదమూడున్నర దగ్గరికి వస్తుంది. కంప్యూటర్ ఉన్న కారు తనంతట తానే ఇంధనం పెంచుకుంటుంది. పాత పెట్రోలుకు జెట్లు ఎంచిన సోలెక్స్ కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, అది పాత కొలతే పోస్తుంది, ఇంజిన్ పల్చని మిశ్రమంతో నడుస్తుంది. పెట్రోలు వచ్చే రంధ్రమైన మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాం. ఇన్‌టేక్ మానిఫోల్డు గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు లేదని నిర్ధారించుకున్నాం. అక్కడ లీకైతే మూడు, నాలుగు సిలిండర్లు రెండూ దెబ్బతినాలి, వాటికి ఇన్‌లెట్ పోర్టు ఉమ్మడి కాబట్టి. నాలుగోది బాగుంది.

అంతకన్నా పెద్ద సంగతి డిస్ట్రిబ్యూటర్‌లో దొరికింది. టైమింగ్ లైటు పెట్టి ఆక్సిలరేటర్ పెంచితే గుర్తు కదలాల్సినంత కదలలేదు. పాయింట్ల ప్లేటు కింద ఉండి, వేగం పెరిగే కొద్దీ స్పార్కును ముందుకు జరిపే సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ బరువులు పాత గ్రీజు ఎండి బంకలా పట్టేయడంతో కదలకుండా నిలిచిపోయాయి. ఐడిల్‌లో టైమింగ్ సరిగ్గా ఉంటుంది, అందుకే ఇంతకు ముందు చూసినవారెవరికీ అనుమానం రాలేదు. హైవే వేగంలో మాత్రం స్పార్కు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా అంటుకున్న మంట ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేసరికి ఇంకా మండుతూనే ఉండి, ఆ వేడినంతా వాల్వు మీదుగా పంపుతుంది. ఊళ్ళో బాగుండి నెల్లూరు వెళ్ళొచ్చినప్పుడే ముదిరే రోగానికి ఇంతకన్నా సరిపోయే కారణం ఉండదు.

బరువులను కిరోసిన్‌లో కడిగి, స్ప్రింగులు చూసి, పలచటి నూనె చుక్క వేసి బిగించాం. తర్వాతి వెయ్యి కిలోమీటర్లలో రెండో ఎగ్జాస్టు అసలు తగ్గలేదు. ఒకటి, నాలుగు కదల్లేదు. మూడోది 3 థౌ తగ్గింది. ఏడు మూడు కావడం చిన్న విషయం కాదు: సగానికి పైగా జబ్బు సీట్లలో కాక ఇగ్నిషన్, కార్బురేటర్ దగ్గరే ఉందన్నమాట. ముందే ఎనిమిది సీట్లు వేసి ఉంటే గ్యాపు తగ్గడం ఆగేది, ఆలస్యపు స్పార్కు మాత్రం అలాగే ఉండి మరో చోట, బహుశా వాల్వు తలలోనో గ్యాస్కెట్‌లోనో, బయటపడేది. అలాగని 3 థౌను వదిలేయడానికీ లేదు. మిగిలిన మూడింటికి లేనిది దానికెందుకు ఉందో తేలాలి. ఇక హెడ్డు విప్పక తప్పలేదు.

హెడ్డు చెప్పిన సంగతి

విప్పాక వాల్వులు శుభ్రం చేయకముందే భూతద్దం కింద చూశాం. ఒకటి, రెండు, నాలుగు ఎగ్జాస్టుల ముఖాలు బూడిద రంగులో నున్నగా ఉన్నాయి, చుట్టూ ఒకే వెడల్పు గీత ఉంది. మూడోదాని ముఖం మీద ఒక పక్కంతా గోరు పెట్టి గీస్తే తగిలే చిన్న చిన్న గట్టి గడ్డలు, ఎదురు పక్క మసి. సీటు నుంచి ఊడొచ్చిన ఇనుము అదే. ఆ వాల్వు సీటుకు చుట్టూ ఆనడం లేదని, ఆనిన పక్క అతుక్కుంటోందని మసి చెప్పింది.

అన్ని సీట్లలోనూ వంతులవారీగా ఒకే కొత్త వాల్వును పెట్టి, స్ప్రింగ్ కూర్చునే చోటు నుంచి కాండం కొన దాకా డెప్త్ గేజ్‌తో కొలిచాం. ఒకే వాల్వు వాడితే పాత వాల్వుల సాగుదల లెక్కలోంచి పోయి సీటు ఎత్తు మాత్రమే మిగులుతుంది. ఇన్‌లెట్లతో పోలిస్తే ఒకటి, రెండు, నాలుగు ఎగ్జాస్టు సీట్లు అర మిల్లీమీటరు లోపే దిగి ఉన్నాయి. నున్నని ముఖాలను బట్టి అది ఎల్‌పీజీ కాలం నాటి అరుగుదల, ఇప్పుడు సాగుతున్నది కాదు. మూడోది 1.2 మిల్లీమీటర్లు దిగి ఉంది. మిగతా ఎగ్జాస్ట్ గైడ్లలో (వాల్వు కాండం జారే గొట్టాలలో) ఆట 2, 3 థౌ ఉంటే దీనిలో 6 థౌ ఉంది. గత గ్రైండింగ్‌లో అరిగిన గైడులోనే పైలట్ (కోత పరికరాన్ని కేంద్రంలో నిలిపే కడ్డీ) పెట్టి సీటు కోశారు, దాంతో సీటు కేంద్రం పక్కకు జరిగింది. వాల్వు వేడిలో ఎక్కువ భాగం సీటు ద్వారానే హెడ్డులోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి పోతుంది. సగం చుట్టే ఆనితే ఆ దారి సగం మూసుకున్నట్టే.

ఇంకో చిన్న పరీక్ష అయస్కాంతం. మూడు ఎగ్జాస్ట్ వాల్వుల తలలకు అది అంటుకోలేదు, అంటే అవి 21-4ఎన్ తరహా ఆస్టెనిటిక్ ఉక్కువి, ఎగ్జాస్ట్ వేడికి ఆగే రకం. మూడోదానికి అంటుకుంది. ఎప్పుడో ఒక వాల్వు కాలితే దొరికిందేదో వేసినట్టున్నారు.

ఎన్ని సీట్లు

మూడో సీటును మళ్ళీ కోసి సరిపెట్టడం కుదరదు. అప్పటికే 1.2 మిల్లీమీటర్లు దిగిన సీటును కేంద్రానికి తేవాలంటే ఇంకా లోతుకు వెళ్ళాలి; వాల్వు ఎంత దిగితే స్ప్రింగ్ అంత సాగి బలం తగ్గుతుంది, వాల్వు తల గోతిలో పడి గ్యాస్ దారికి అంచు అడ్డం వస్తుంది. అక్కడ ఇన్సర్టు తప్పదు. మిగతా మూడు ఎగ్జాస్టుల సంగతే ఆలోచించాల్సింది.

చెన్నైలో పాత బళ్ళ భాగాలు అమ్మే పుదుపేటలో తుక్కుకు పోతున్న పగిలిన బీ సిరీస్ హెడ్డు ఒకటి కొని, మధ్య ఎగ్జాస్టుల మీదుగా రంపంతో కోయించాను. ఈ హెడ్లు పగిలేది ఎక్కువగా అక్కడే, రెండు మూడు ఎగ్జాస్ట్ సీట్ల మధ్య సన్నటి గోడలో; కొన్న హెడ్డూ అక్కడే పగిలింది. కోత ముఖాన్ని చూస్తే, ఇన్సర్టుకు కావలసిన గుంట తొలిచాక నీటి జాకెట్‌కు (చల్లబరిచే నీళ్ళు తిరిగే ఖాళీకి) మిగిలే ఇనుము మూడు మిల్లీమీటర్లకు మించదు. పోతలో కోర్ (లోపలి ఖాళీ కోసం పెట్టే అచ్చు) ఒక పక్కకు జరిగి ఉంటే అది కూడా ఉండదు. ఒక హెడ్డులో చూసింది ఇంకో హెడ్డుకు హామీ కాదు, అయినా గోడ ఎంత పల్చనో కళ్ళకు కట్టింది. రెండు, మూడు రెండిటికీ గుంటలు తొలిస్తే ఆ గోడ రెండు వైపుల నుంచీ సన్నబడుతుంది. రెండోది వేడి తగ్గించాక తగ్గడం మానేసింది, ముఖం నున్నగా ఉంది. దాన్ని ముట్టకూడదని నిర్ణయించాం. ఒకటి, నాలుగు చివరివి, వాటిలో తొలచడానికి చోటుంది, కానీ తొలచడానికి కారణం లేదు.

ఈ నిర్ణయంలో యజమానికి ఒక నష్టభయం ఉంది, అది ఆయనకు దాచకుండా చెప్పాం: రెండోది తర్వాత ఎప్పుడైనా దిగితే హెడ్డు మళ్ళీ విప్పాలి. "అప్పుడు ఖర్చు ఎవరిదండీ?" అని నవ్వుతూనే అడిగారు. గ్యాస్కెట్లు ఆయనవి, కూలి మాది అని జాబ్ కార్డు మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం. ఇలాంటివి నోటి మాటగా వదిలేస్తే తర్వాత ఇద్దరికీ వేర్వేరుగా గుర్తుంటాయి.

చేసిన పని

సన్నని పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే డై పెనెట్రెంట్ రంగుతో మధ్య గోడలో పగులు లేదని చూసుకున్నాకే హెడ్డు లేత్ వర్క్‌షాపుకు వెళ్ళింది. ముందు నాలుగు ఎగ్జాస్ట్ గైడ్లూ మార్చి రీమ్ చేయించాం. కొత్త గైడులో పైలట్ నిలబెట్టిన తర్వాతే మూడో గుంట తొలిచారు. ఈ క్రమం తారుమారైతే గత తప్పే మళ్ళీ జరుగుతుంది. ఇన్సర్టు సింటర్డ్ ఇనుముది (లోహపు పొడిని అదిమి కాల్చి చేసినది) ఎంచాం. బజారులో అంతకన్నా గట్టివి దొరుకుతాయి, అయితే ఇక్కడ కావలసింది చల్లగా ఉన్నప్పటి గట్టిదనం కాదు, ఎర్రటి వేడిలోనూ వాల్వుకు అతుక్కోని గుణం. మరీ గట్టి సీటుకు కోత కుదరక చుట్టూ సీలింగ్ రాబట్టడం కష్టం.

బిగువు, అంటే గుంట కన్నా రింగు ఎంత పెద్దదో ఆ తేడా, 4 థౌ ఉంచమన్నాం. పోత ఇనుము హెడ్డులో ఈ సైజు ఇన్సర్టుకు 3 నుంచి 5 థౌ మధ్య ఉంటే నిలుస్తుంది. లేత్ మేస్త్రీ చిత్తూరు వైపు మనిషి, చెయ్యి తిరిగినవాడు, అయినా పాత అలవాటు వదల్లేదు.

"రెండు థౌ పెట్టి, చుట్టూ నాలుగు పంచ్ దెబ్బలు వేస్తే ఎక్కడికి పోతుందన్నా?"

"పంచ్ దెబ్బలు కావలసొచ్చిందంటే సీటు అప్పటికే వదులన్నట్టేగా మేస్త్రీ? వేడెక్కి చల్లారే కొద్దీ ఆ దెబ్బలే ముందు విడిపోతాయి."

బోర్ గేజ్‌తో గుంటను మూడు దిక్కుల్లో కొలిచి 4 థౌకే తొలిచారు. హెడ్డును ఓవెన్‌లో వేడి చేసి, ఇన్సర్టును రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచారు. దాంతో బిగువు పూర్తిగా పోదు, మిగిలిన కాస్తను డ్రిఫ్టుతో నిటారుగా దింపారు. అడుగుకు ఆనినప్పుడు సుత్తి శబ్దం మారుతుంది, అది విన్నాకే ఆపారు. నాలుగు ఎగ్జాస్టులకూ 21-4ఎన్ వాల్వులు వేశాం. సీట్లు 45 డిగ్రీలకు, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా కోశారు, సన్నటి సీటు సీలింగ్ బాగా ఇచ్చినా వేడిని లాగలేదు కాబట్టి. వాల్వు ఎక్కడ ఆనుతోందో చూపించే ప్రష్యన్ బ్లూ రంగు పూసి చూస్తే నాలుగింటికీ గీత చుట్టూ తెగకుండా పడింది. నీటి ప్రెషర్ టెస్టులో గుంట చుట్టూ చెమ్మ లేదు.

ఈ లెక్క ఏ బండికి

దీన్ని చదివి ప్రతి పాత హెడ్డుకూ ఒక్క సీటే చాలనుకుంటే పొరపాటు. పోత ఇనుము హెడ్డులోనే నేరుగా సీటు కోసిన ఇంజిన్లకే ఈ ప్రశ్న వర్తిస్తుంది: పెట్రోలు అంబాసిడర్, మన చెన్నైలోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటివి. అల్యూమినియం హెడ్డుకు మొదటి నుంచీ ఇన్సర్టులు ఉండి తీరతాయి, మెత్తని అల్యూమినియం వాల్వు దెబ్బలకు ఆగదు. ప్రీమియర్ పద్మిని హెడ్డు ఆ కోవదే, పాత బుల్లెట్ కూడా అంతే. వాటి యజమానులు అడగాల్సింది ఉన్న ఇన్సర్టులు ఏ స్థితిలో ఉన్నాయని. పాత విల్లీస్ జీప్ హరికేన్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో ఉంటాయి, దాని లెక్క వేరు.

ఇనుప హెడ్డే అయినా, బండి ఎల్‌పీజీ మీద నడవబోతుంటే నాలుగు ఎగ్జాస్టులకూ ఇన్సర్టులు వేయమనే చెబుతాను, కొలతల కోసం ఆగను. బరువు లాగుతూ ఘాట్ రోడ్లు ఎక్కేదైనా, ర్యాలీలకు వెళ్ళేదైనా అంతే. ఆదివారం మెరీనా దాకా వెళ్ళి వచ్చే బండికి, గైడ్లు బాగుండి టైమింగ్ సరిగా ఉంటే, ఏమీ వేయక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లకొకసారి ఫీలర్ గేజ్ పెట్టి అంకె రాసుకుంటే చాలు. ఇన్‌లెట్లకు హార్డెన్డ్ సీట్లు రాసిన కొటేషన్ ఎవరిచ్చినా, ఎందుకని అడగండి. సీటు పగిలిందనో, కోయడానికి ఇనుము మిగల్లేదనో చెబితే సరే. సీసం పేరు చెబితే ఆ కొటేషన్ మీద ఇంకో చోట విచారించడం మంచిది.

ఇప్పటి స్థితి

బిగించాక కొద్ది దూరం తిప్పి రీటార్క్ చేసి, మళ్ళీ 15 థౌ నుంచి లెక్క మొదలుపెట్టాం. మొదటి వెయ్యి కిలోమీటర్లలో మూడోది 1 థౌ తగ్గింది; కొత్త సీటూ కొత్త వాల్వూ ఒకదానికొకటి కుదురుకోవడం అది. ఆ తర్వాత సుమారు ఐదు వేల కిలోమీటర్లలో అది కదల్లేదు. ఒకటి, నాలుగు కూడా కదల్లేదు. వేడి మీద కంప్రెషన్ నాలుగింటిలో 5 పీఎస్ఐ తేడా లోపే ఉంది, ప్లగ్గులు లేత గోధుమ రంగుకు వచ్చాయి.

రెండో ఎగ్జాస్టు ఒక్కటే ఇంకా గమనించాల్సినది. మే నెల ఎండలో, బండి నిండా మనుషులతో, వేగం 100 దాకా పెంచి నెల్లూరు వెళ్ళొచ్చాక అది 1 థౌ తగ్గింది. ఆ తర్వాత ఆయన 80 దాటనివ్వలేదు, అదీ 14 దగ్గరే ఆగింది. ఒక్క థౌ మీద తీర్పు చెప్పలేం. రెండు కొలతల మధ్య అది 4 థౌ మించి తగ్గితే, ఈ హెడ్డులో రెండో గుంట తొలవకుండా, పగులు లేని వేరే హెడ్డు సంపాదించి దాని నాలుగు ఎగ్జాస్టులకూ ఇన్సర్టులు వేసి మార్చాలని జాబ్ కార్డు వెనక రాసి ఉంది. అలాంటి హెడ్డు కోసం పుదుపేటలో చెప్పి ఉంచాం. ఇప్పటిదాకా చూపించినవన్నీ మధ్య గోడ పగిలినవే.